పదునున్న రోజున నాయకత్వ శిక్షణ

విదేశీ సహాయ సంస్థలకు దుబాసీ పని చేసి బతికేదాన్ని నేను. ఈసారి వీపనగండ్లకు ఎందుకు పోయానో వింటే మీకూ ఒళ్లు మండుతుంది. ఇకపై మా పెత్తనం ఉండదు, నిర్ణయాలన్నీ మీవే అని అక్కడి మహిళా సంఘానికి చెప్పడానికి అలాంటి సంస్థ ఒకటి ఒకరోజు శిక్షణ పెట్టింది. తారీఖు మాత్రం మూడు నెలల కిందటే విదేశంలో ఖాయం చేశారు.

గద్వాలలో ఆరున్నరకు బస్సెక్కి, పెబ్బేరులో దిగి ఇడ్లీ తిని, మనిషికి నలభై రూపాయల లెక్కన షేర్ ఆటో ఎక్కాను. ముందురోజు రాత్రే తొలకరి గట్టిగా కురిసింది. దారి పొడవునా జనమంతా చేలల్లోనే ఉన్నారు. నేను పోయే పని తెలిసి ఆటో డ్రైవర్ నవ్వాడు. "ఇయ్యాల మీటింగా మేడం? పదునున్నది. ఊర్ల ఎవ్వలు దొరుకుతరు?" విత్తనం వేయడానికి నేలలో చాలినంత తడి ఉండటమే పదును. రెండు రోజులు ఎండ కాస్తే అది పోతుంది.

తొమ్మిదిన్నరకు హాలు చేరితే నలభై ఖాళీ కుర్చీలు, ఒక బ్యానరు, ఒక విదేశీ శిక్షకురాలు. సంఘం అధ్యక్షురాలు బాలమ్మ తన మూడెకరాల కౌలు చేనులో ఉందన్నారు. సంస్థ హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేసి వాయిదా వేయమని బతిమాలాను. కుదరదట. ఇరవై హాజరు సంతకాలైనా పడకపోతే వచ్చే ఏడు సంఘానికి విత్తన సాయం ఆగుతుందట. ఆ బెదిరింపు కూడా నా నోటితోనే చెప్పమన్నారు.

చెప్పులు చేతబట్టుకుని బురదలో ఆ చేను దాకా పోయి చెప్పాను. సిగ్గేసింది. విత్తనం వేసే గొర్రు వెనక నడుస్తూ కందులు విడుస్తున్న బాలమ్మ చెయ్యి ఆపలేదు.

"నిర్ణయం మాదే అంటిరి గద బిడ్డా. గిదే మా నిర్ణయం. ఇయ్యాల రాము. పోయి గట్లనే రాయుండ్రి."

వచ్చి ఒక్క మాట మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను. శిక్షకురాలు హాజరు పత్రం తీసింది. రాకపోవడానికి కారణాలు అందులో మూడే ఉన్నాయి: అనారోగ్యం, శుభకార్యం, ఆసక్తి లేకపోవడం. నేను పెన్ను తీసుకుని పక్కన తెలుగులోనే "పదును" అని రాశాను. ఆమె దాని కింద సంతకం చేసింది.

సాయం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలియదు. నా విసుగు మాత్రం తగ్గలేదు, అందులో సగం నా మీదే. ఇన్నేళ్లూ ఇలాంటి పిలుపులన్నీ నోరు మెదపకుండా తెలుగు చేసి పెట్టింది నేనే కదా. ఒక్క సలహా. తొలకరి రోజుల్లో పని మీద ఇటు రావాలనుకుంటే, టికెట్ కొనకముందే ఊళ్లోకి ఫోన్ చేసి పదునుందా అని అడగండి. ఉందంటే రాకండి.