యాష్ ట్రే వెనక స్విచ్

దెయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. మా ఫ్యాక్టరీలో కంప్రెసర్ గది వెనక ఎవరో నడుస్తున్నారని ఇద్దరు డ్యూటీ మానేస్తే, వెళ్లి చూసి, వదులైన పైపు క్లాంపు బిగించి వచ్చినవాణ్ణి నేను. ఆ తర్వాత అక్కడ ఎవరూ నడవలేదు. అచ్యుతాపురంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు నా ఉద్యోగం. ఫాల్ట్ అన్నాక కారణం ఉంటుంది. అది దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టింది ఆ నమ్మకమే.

కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వుకుంటే నాకేం కోపం రాదు. ఇంకెవరైనా చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

మా అక్క పేరు నూకరత్నం, గాజువాకలో ఉంటుంది. ఆమె భర్త, మా బావ అప్పలరాజు, సొంత కారును ట్యాక్సీగా నడిపేవాడు. పాత పెట్రోలు కారు, తెల్ల రంగు ఎప్పుడో పాలిపోయింది. మొన్న ఎండాకాలంలో మధురవాడలో ఎవరినో దింపి, కారు రోడ్డు పక్కన ఆపి, స్టీరింగు మీదే తల వాల్చేశాడు. గుండెపోటన్నారు. కారును ఎవరో తాడు కట్టి లాక్కొచ్చి అక్క ఇంటి ముందు వదిలిపెట్టారు. అప్పటినుంచి అది అక్కడే ఉండిపోయింది.

కొన్ని నెలలు గడిచాక అక్క డ్రైవింగ్ స్కూల్లో చేరింది. లైసెన్సు తెచ్చుకుంది. అచ్యుతాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్లే ఆడవాళ్లు కొందరు ఆ వీధిలోనే ఉన్నారు. షిఫ్టుకు తీసుకెళ్లి తీసుకురావడానికి ఒక కారు కావాలని, ఆడమనిషి నడిపితే ఇంకా నయమని వాళ్లే అక్కను అడిగారు. సోమవారం నుంచి రమ్మన్నారు.

అడ్డం తగిలింది బావ తమ్ముడు సన్యాసిరావు. సబ్బవరంలో ఉంటాడు. అన్న కారు తనకే రావాలంటాడు, దాన్ని కొనేవాణ్ణి కూడా చూసి పెట్టుకున్నాడు. చివరికి పెద్దమనుషులు కూర్చుని ఒక మాట తేల్చారు. సోమవారం నుంచి అక్క కారు నడుపుకుంటూ బతికితే కారు అక్కదే. ఇంటి ముందు ఊరికే తుప్పు పట్టిస్తే సన్యాసిరావు తీసుకుపోవచ్చు. బాగానే ఉందని అందరూ తలలూపారు. పాత కారు స్టార్టు చేయడం ఎంతసేపులే అనుకుని నేనూ ఊపాను.

శనివారం పొద్దున్నే పనిముట్ల సంచి, అరువు తెచ్చిన మంచి బ్యాటరీ పట్టుకుని వెళ్లాను. తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు చక్కగా తిరిగింది. గిర్రున తిరుగుతుంది గాని ఇంజన్ అందుకోదు. ఇంకోసారి తిప్పాను. అదే పాట.

మా దగ్గర ఏ బండి మొరాయించినా ముందు ఎర్త్ తీగలు చూస్తాం. సముద్రపు గాలికి రాగి కూడా పచ్చగా పొడిబారిపోతుంది, దానికి తోడు పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము. ఎర్త్ తీగలన్నీ విప్పి, గీకి, గ్రీజు రాసి బిగించాను. ఎయిర్ ఫిల్టరు తీసి దులిపితే చేతులు మసి అయ్యాయి. మళ్లీ తాళం తిప్పాను. సెల్ఫ్ తిరిగింది, అంతే.

అప్పుడు గమనించాను. తాళం కొంచెం తిప్పగానే వెనక సీటు కింద పెట్రోలు పంపు సన్నగా గుయ్యిమనాలి. ఆ శబ్దం రావడం లేదు. ఫ్యూజు బాగుంది, రిలే బాగుంది. పంపుకు వెళ్లే తీగ పట్టుకుని వెతుక్కుంటూ పోతే, డ్రైవరు కాళ్ల దగ్గర దాన్ని మధ్యలో తెంపి, రెండు కొసలకూ వేరే తీగలు కలిపి ఉన్నాయి. సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టిన తీరు చూడగానే అది బావ పనేనని తెలిసిపోయింది.

చోర్ స్విచ్. పాత ట్యాక్సీవాళ్లు చాలామంది పెట్టించుకుంటారు. ఎక్కడో కనబడని చోట ఒక చిన్న స్విచ్ పెట్టి, బండి దిగేటప్పుడు దాన్ని నొక్కేస్తారు. దొంగ ఎన్నిసార్లు తాళం తిప్పినా సెల్ఫ్ తిరుగుతుంది గాని బండి కదలదు. సన్యాసిరావు చెప్పకుండా కారు తీసుకుపోయేవాడు కాబట్టి బావ పెట్టించుకుని ఉంటాడు.

"స్విచ్ ఎక్కడ పెట్టాడో నీకేటైనా సెప్పాడా?" అని అక్కను అడిగాను.

"నాకేటి సెప్తాడు? ఆ కారు సంగతి నాకేటీ తెల్దు," అంది.

నాకు బావ మీద చచ్చేంత కోపం వచ్చింది. మనిషన్నవాడు కట్టుకున్న పెళ్లానికైనా ఒక ముక్క చెప్పి పోవాలి కదా. సీట్ల కింద, మ్యాట్ల కింద, స్టీరింగు కింద తడిమి తడిమి వేళ్లు గీసుకుపోయాయి. స్విచ్ దొరకలేదు.

అయినా స్విచ్ ఎక్కడుంటే నాకేం? స్విచ్‌కు వెళ్లే రెండు తీగలనూ కత్తిరించి పారేశాను. కొసలకు టేపు చుట్టి పక్కకు వదిలేసి, పంపు తీగను నేరుగా కలిపేశాను. తాళం తిప్పగానే పంపు గుయ్యిమంది. అక్క మొహం వెలిగింది. సెల్ఫ్ కొట్టాను. తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఇంజన్ అందుకోలేదు.

ఇక్కడే నాకు పిచ్చెక్కింది. పెట్రోలు పైపు వదులు చేసి చూస్తే పెట్రోలు ఎగదన్ని వస్తోంది. ప్లగ్గు తీసి ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టిస్తే నీలం మెరుపు పడుతోంది. పెట్రోలు ఉంది, మెరుపు ఉంది, గాలి ఉంది. ఇంక ఏం కావాలి దానికి, మేళతాళాలా? తడిసిన ప్లగ్గులు ఆరబెట్టి బిగించాను, మళ్లీ తడిశాయి. చీకటి పడేసరికి స్పానరు విసిరికొట్టి ఇంటికి వెళ్లిపోయాను.

ఆదివారం ఖాదర్ భాయ్‌ను పిలిపించాను. పాతనగరంలో ఆయనకు షెడ్డు ఉంది, బావ కారు పనులన్నీ ఆయనే చేసేవాడు. కారుకు చోర్ స్విచ్ ఉన్న సంగతి మాత్రం ఆయనకూ తెలియదు. టైమింగ్ బెల్టు చూశాడు, సరిగ్గా ఉంది. ఇంజన్ బలం చూశాడు, ఉంది. నేను చేసినవన్నీ మళ్లీ మొదటినుంచి చేశాడు.

"ఇంజన్ కంప్యూటర్ పోయిందేమో తమ్ముడూ. పాత సామాన్ల షాపులు రేపు తీత్తారు, అప్పుడు సూద్దాం," అన్నాడు.

రేపు సోమవారం, సన్యాసిరావు కూడా వస్తాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అక్క ముందు గదిలో నేల మీదే చాప వేసుకుని పడుకుంది. రాత్రి కంటి మీద కునుకు లేదంది పాపం. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను, ఖాదర్ భాయ్ బయట అరుగు మీద టీ తాగుతున్నాడు. ఎండ మండిపోతోంది.

అప్పుడు లోపలి నుంచి అక్క గొంతు మామూలుగానే వినబడింది.

"ఒరే బావా, అక్కడ కాదురా. యాష్ ట్రే లాగి ఎనకాల సూడు."

నేను లేచి కారు దగ్గరికి సగం దూరం వెళ్లాక గాని ఆ పిలుపు సంగతి నాకు తట్టలేదు. అక్క నన్ను తమ్ముడా అంటుంది, లేదా పేరు పెట్టి పిలుస్తుంది. ఆ ఇంట్లో నన్ను బావా అనేది ఒక్క అప్పలరాజే.

వెనక్కి వచ్చి అక్కను లేపాను. ఏమన్నావని అడిగాను.

"నానేటన్నాను? నిద్దరోతన్నాను కదరా," అని చిరాకుపడింది. ఖాదర్ భాయ్‌ను అడిగితే, విన్నానన్నట్టు తల ఊపాడు.

డ్యాష్‌బోర్డులో ఉన్న యాష్ ట్రే మొత్తం బయటికి లాగాను. దాని వెనక, వేలు మాత్రమే పట్టే సందులో, టేబుల్ ల్యాంపుకు ఉండేలాంటి నల్ల స్విచ్ ఉంది. దాని రెండు తీగలూ కిందికి వచ్చి, నేను నిన్న కత్తిరించిన చోట ఆగిపోయాయి. వంగి చూశాను. టేపు చుట్టిన కొసలు రెండూ విడివిడిగా వేలాడుతున్నాయి. ఒకదానికొకటి తగలడం లేదు, దేనికీ తగలడం లేదు.

పనికిరాని స్విచ్ కదా అని, కోపంతోనే నొక్కాను. తాళం తిప్పాను. సెల్ఫ్ అలా తిరగడంతోనే ఇంజన్ అందుకుంది.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది. భోజనాల వేళ ఇంజన్‌లో ఎక్కువైన పెట్రోలు ఆరిపోయి ఉంటుంది, అందుకే అందుకుంది. సరే, అది కారణం కావచ్చు. ఇంజన్ ఆపి, స్విచ్ తిరిగి నొక్కి, తాళం తిప్పాను. సెల్ఫ్ తిరిగింది, ఇంజన్ అందుకోలేదు. స్విచ్ వేస్తే అందుకుంది. తీస్తే లేదు. ఎన్నిసార్లు చేశానో నాకే గుర్తులేదు. మీటరు పెట్టి చూశాను. ఆ తీగల్లో కరెంటే లేదు.

ఖాదర్ భాయ్ కూడా చేసి చూశాడు. తర్వాత తాళం నా చేతిలో పెట్టి, "బండి నడుత్తంది కదా, ఒగ్గేయ్ తమ్ముడూ," అన్నాడు. చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

సోమవారం ఫ్యాక్టరీ ఆడవాళ్లను ఎక్కించుకుని అక్క అచ్యుతాపురం వెళ్లొచ్చింది. సన్యాసిరావు వచ్చి, ఖాళీగా ఉన్న జాగా చూసి వెళ్లిపోయాడట.

కథ అక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు. అక్క నిద్రలో కలవరించింది, ఎప్పుడో చూసింది బుర్రలో ఉండిపోయి బయటికి వచ్చింది, నేను కత్తిరించిన తీగల లెక్క ఎక్కడో తప్పింది అని సర్దుకుపోయేవాణ్ణి. నిజానికి సర్దుకున్నాను కూడా.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం నేను అక్క ఇంట్లో ఉండగా సన్యాసిరావు ఒక డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. పెళ్లివాళ్లను ఎక్కించుకోవాలి, కారు కావాలన్నాడు. పెళ్లికి తీసుకెళ్లిన కారు తిరిగి రాదని మా ఇద్దరికీ తెలుసు. అక్క వెంటనే తాళం తెచ్చి ఇచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

డ్రైవరు తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది, ఇంజన్ అందుకోలేదు.

"ఏటి సేశారు దీన్ని?" అని సన్యాసిరావు నా మీదికి వచ్చాడు.

అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ కారణం చెప్పలేను. బహుశా ఇది వట్టి యంత్రమేనని తేల్చుకోవాలనుకున్నానేమో. యాష్ ట్రే తీసి, స్విచ్ చూపించి, అది వేసే ఉందని కూడా చెప్పాను. వాళ్లు వేశారు, తీశారు, మళ్లీ వేశారు. ప్లగ్గులు విప్పారు. పంపు గుయ్యిమంటూనే ఉంది. బ్యాటరీ నీరసించేదాకా తిప్పారు. పాత డొక్కు అని తిట్టుకుంటూ సన్యాసిరావు తాళం అరుగు మీద పడేశాడు.

అక్క వంటింట్లోంచి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తాళం తీసుకుని, సీట్లో కూర్చుని తిప్పింది. ఆ మిగిలిన కాస్త బ్యాటరీతోనే ఇంజన్ అందుకుంది. సన్యాసిరావు వెనక్కి తిరిగాడు. డ్రైవరును ఎక్కించుకుని తన బైకు మీద సబ్బవరం వెళ్లిపోయాడు. మళ్లీ కారు అడగలేదు.

ఆ సాయంత్రం, ఆ స్విచ్ ఊడబీకి తీగలన్నీ కొత్తగా వేస్తాను, ఈ గొడవ వదిలిపోతుంది అన్నాను. అక్క వద్దంది. భక్తితోనో ప్రేమతోనో అంటోందనుకున్నాను. మొహం చూస్తే కోపంతో ఎర్రబడి ఉంది.

"బతికినన్నాల్లూ ఆ తాళం నన్ను ముట్టుకోనీలేదురా మీ బావ. నేర్సుకుంతానంటే నవ్వేవాడు. ఇప్పుడు నాకు తప్ప ఇంకెవులికీ ఇవ్వడంట. ఇదేటి మనిసిరా?"

తెగిన తీగ సంగతి నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. ఆ సాయంత్రం మాత్రం యాష్ ట్రేను తిరిగి దాని చోటులోకి తోసేశాను. స్విచ్ ఇంకా దాని వెనకే ఉంది.