బావి గడి ఉన్న బొంత

మా పెద్దమ్మాయి కూతురు కాలేజీ రోజుల్లో ఒక్కతే కూర్చుని తయారు చేసిన చిన్న చిన్న బ్రౌజర్ ఆటలన్నిటినీ మొన్న ఒకచోట చేర్చి విడుదల చేసింది. పాతవి ఇప్పటి కంప్యూటర్లలో తెరుచుకోవడం లేదట. ఎక్కడ పోతాయోనని మూటగట్టింది. ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "మొదటి దాంతో మొదలుపెట్టు తాతా" అంది. ఒక పిచ్చుకతో గింజలు ఏరించాలి. నా పిచ్చుక కాసేపటికే గోడకూ చూరుకూ మధ్య ఇరుక్కుంది. ఏ మీట నొక్కినా కదలదు. "అది నా తప్పే తాతా. అప్పట్లో తెలియలేదు. ఇప్పుడు సరిచేస్తే అది నా మొదటి ఆట ఎట్లా అవుతుంది?" అంది. నేను లేచి బీరువాలోంచి పాత డైరీలు దించాను. ఆ పిచ్చుక నన్ను నేరుగా ఆదోనిలోని దర్జీ చాచా దగ్గరికి తీసుకుపోయింది.

డెబ్బైల చివర నేను ఆదోనిలో గుమాస్తాగా ఉండగా, చాచా ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ముందు గదిలో ఆయన కుట్టుమిషను. చొక్కాలు కుట్టగా మిగిలిన గుడ్డలతో ఆయన ఆటలు కుట్టేవాడు. సుద్దతో గళ్లు గీసి, వాటి వెంట రంగుదారంతో మిషను తొక్కేవాడు. ఊడిన గుండీలే కాయలు. వేయడానికి నాలుగు గవ్వలు. ఎమ్మిగనూరుకు పోయే బస్సు ఆటలో టైరు రెండుచోట్ల పంక్చరయ్యేది. వాన ఆటలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే తప్ప ఎవరి చేనూ తడవదు. ఎంతసేపు ఆడినా అది ముగిసేది కాదు, మా వైపు సేద్యం తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టలేదు. అన్నిటికంటే ముందు కుట్టింది మేకల ఆట. మేకను సంతకు తోలుకుపోవాలి. మధ్యలో ఒక నల్లగడి, అది బావి. అందులో పడితే బయటికి ఎలా రావాలో చాచా ఆలోచించనే లేదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు, ఇచ్చాక కూడా కదలనివాళ్లు, అందరూ ఆ బావిలో పడ్డవాళ్లే.

"ఏంది చాచా, బావికి మెట్లన్నా పెట్టకూడదా?" అని ఒకరోజు పత్తిమిల్లు హమాలీ మొత్తుకున్నాడు.

"పడినాక అడుగుతాండావా? పడకముందే సూసుకోవల్ల."

ప్రతి ఆట నియమాలూ నేను డైరీలో రాసుకునేవాణ్ణి. చాచా ఓడిపోయేటప్పుడు అవి మారిపోతుండేవి మరి.

ఎమ్మిగనూరులో బొమ్మల దుకాణం నడిపే షావుకారు ఒకాయన ఈ ఆటల గురించి విన్నాడు. అన్నీ ఒకచోట చూపిస్తే చాచా పేరుతో అట్టల మీద అచ్చు వేయిస్తానని, ఆదివారం వస్తానని కబురు పంపాడు. చాచా ముప్పై ఏళ్లుగా ఊరందరి చొక్కాలూ కుట్టాడు, ఒక్క చొక్కా మీదా ఆయన పేరు లేదు. రెండు రోజులు సూదిలో దారం ఎక్కించలేకపోయాడు.

శనివారం పొద్దున ఏడు ఆటలూ దాచిన ట్రంకుపెట్టె తెరిస్తే ఖాళీ. చాచా కూతురు పురిటికి వచ్చి ఉంది, బిడ్డకు ఇంకా వారం నిండలేదు. పసిబిడ్డను కొత్తబట్ట మీద పడుకోబెట్టరు. వాడి వాడి మెత్తబడిన పాతబట్టలతోనే బొంత కుడతారు. అన్ని చేతులు తగిలిన ఆ ఆటలకన్నా మెత్తటి గుడ్డలు ఆ ఇంట్లో ఇంకేముంటాయి? చాచీ ఏడింటినీ ఉతికి, పక్కపక్కన చేర్చి బొంత కుట్టేసింది.

"కొత్తవి కుట్టుకుంటావులే అనుకున్నా జీ. నీకు అదే పని గదా!" అంది.

చాచా బ్లేడు పట్టుకుని బొంత దగ్గర కూర్చున్నాడు. దాని మీద మనవరాలు నిద్రపోతోంది. లేచాక కుట్లు విప్పుదామన్నాడు. లేచింది, పాలు తాగింది, మళ్లీ అక్కడే పడుకుంది. నేను డైరీ చూపించి, "నియమాలన్నీ ఇందులో ఉన్నాయి చాచా, కొత్తగుడ్డ మీద గీద్దాం" అన్నాను.

"అప్పటి సెయ్యి మళ్లీ యాడ వస్తాదప్పా?" అన్నాడు. సాయంత్రానికి బ్లేడు డబ్బాలో పెట్టేశాడు.

ఆదివారం షావుకారు వచ్చి, బిడ్డ లేచేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. తర్వాత బొంత పరిచాం. చాచీ హద్దులు చూడకుండా కలిపినందువల్ల బస్సు రోడ్డు నేరుగా మేకల ఆటలోకి పోయింది. షావుకారు బస్సెక్కి, ఎమ్మిగనూరు దాటిపోయి, బావిలో పడ్డాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక, "అన్నీ వేయిస్తా సాబ్. ఆ బావి ఒక్కటి తీసేయల్ల. కొన్నోడు ఇరుక్కుంటే మళ్లా మన అంగడికి వస్తాడా?" అన్నాడు.

చాచా చాలాసేపు ఆ నల్లగడి మీద వేలు ఆడించాడు. "దాన్ని తీసేస్తే అది నాది కాదన్నా. ఇంకెవరి పేరన్నా వేసుకో."

షావుకారు చాయ్ తాగి వెళ్లిపోయాడు. అచ్చు పడలేదు.

"ఒక నల్లగడి కోసరం పేరు పోగొట్టుకుంటివి గదా!" అని చాచీ నెత్తి కొట్టుకుంది.

"నా పేరు సంగతి ఉండనీ. ముందు బిడ్డకు ఒక పేరు పెట్టు" అన్నాడు చాచా. అని, గవ్వలు ఏరుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజంతా మిషను చప్పుడు వినబడలేదు.

నలభై రోజులయ్యాక కూతురు కోడుమూరులోని అత్తగారింటికి పోతూ బొంతను కూడా తీసుకుపోయింది. ఇప్పుడు నా మనవరాలు ఆ ఏడు ఆటల నియమాలనూ డైరీలోంచి కంప్యూటర్లోకి ఎక్కించుకుంటోంది, బావితో సహా. బొంత మీద పడుకున్న ఆ బిడ్డకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఆమె ఏ ఆట మీద మొదటిసారి బోర్లాపడిందో మాత్రం నా డైరీలో లేదు. రోజుకొక పేజీ చొప్పున కాలాన్ని పట్టి ఉంచానని అనుకునేవాణ్ణి. అది ఎప్పుడో బొంతలో చుట్టుకుని కోడుమూరు బస్సెక్కింది.