పండగ మానేసిన వదిన

మొగుడి మీద పంతంతోనే ఆవిడ పండగ మానేసిందని పై వాటాల్లో చెప్పుకుంటారు. చీరలకు ఫాల్స్ కుట్టే ఆవిడను అందరూ వదిన అనే పిలుస్తారు. సూదికి దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసి ఊపిరి బిగబట్టుకుంటుంది. భర్తల ఆయుష్షు కోసం ఆడవాళ్ళు ఉపవాసం ఉండే పండగ దగ్గరపడితే ఆమె ఒళ్ళో కొత్త చీరలు గుట్ట పడతాయి. లోపల మంచం మీదున్న భర్త కనిపించేలా గుమ్మంలోనే కూర్చుని కుడుతుంది.

ఈసారి చీర కోసం వచ్చిన ఎదురింటావిడ అడిగేసింది. “ఏం వదినా, ఈ ఏడూ ఉపవాసం లేనట్టేనా? అన్నయ్య ఆయుష్షు అక్కర్లేదా ఏంటి?”

“కడుపు మాడితే నాకు చెయ్యి వణుకుతుంది వదినా. నీ చీరే పాడవుతుంది,” అంది ఆమె, దారం పంటితో తెంపుతూ.

ఎదురింటావిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మూడేళ్ళ కిందట, ఆయన తలకు ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, పండగనాడు ఆమె పొద్దంతా పస్తుండి, ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. ఆయన గబుక్కున కాళ్ళు ముడుచుకున్నాడు. “తప్పక్కా, పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకుంటావేంటి” అని ఏడ్చాడు. ఆయన అక్క పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. తనకు పెళ్ళయిందని ఆయనకు గుర్తు లేదు.