వానాకాలపు కాపలా

తూంకుంట దాటాక లేఅవుట్ల మధ్య ఇరుక్కున్న చెరువు మాది. బాపూ, ఆయన తమ్ముడు మా కాకా అందులోనే వలలు వేసి మమ్మల్ని సాకారు. వానలు పడగానే చేపలు గుడ్లు పెట్టే కాలమని, వేట బంద్ అని మత్స్యశాఖ వాళ్లు కట్ట మీద బోర్డు పెడితే, దాన్ని మనసారా నమ్మింది బాపు ఒక్కడే. జీతం లేకున్నా కర్ర పట్టుకుని కాపలా తిరిగేవాడు. తుంగ పక్కన కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టినప్పుడు నన్ను పిలిచి చూపించేవాడు.

"జల్దీ రా బిడ్డా. తల్లి కిందనే ఉన్నది, లొల్లి జెయ్యకు."

ఆ ఏడు వేట లేక రెండిళ్లలోనూ గడవడం కష్టమైంది. ఒక పొద్దున కాక బాపుకే దొరికాడు. వలలో కడుపు నిండా గుడ్లతో ఉన్న కొర్రమీను.

"ఇడిసిపెట్టురా," అన్నాడు బాపు.

"ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదన్నా. గీ ఒక్కదానికి ఏమైతది?"

"అందరు గట్లనే అంటరు."

బాపు చేపను నీళ్లలో వదిలి మత్స్యశాఖ ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్లొచ్చి వల పట్టుకుపోయారు.

"మీ బాపుకు తమ్ముని కన్న చేపలే ఎక్కువైనయి బిడ్డా," అన్నాడు కాక నాతో. మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ రోజు బాపు అన్నం ముట్టలేదు.

ఆ వానాకాలం పోకముందే, ఒక పెద్ద వాన వెలిసిన తెల్లవారి చెరువంతా కంపు కొట్టింది. ఎగువ నాలాలోంచి నురగ నీళ్లు వచ్చి కలిశాయి. చిన్నా పెద్దా చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. అధికారులు సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. అవి ఎవరు వదిలిన నీళ్లో ఇప్పటికీ మాకు ఎవరూ చెప్పలేదు.

బాపు మోకాలి లోతులో దిగి చచ్చిన చేపల్ని గంపకెత్తుతుంటే, కాక వచ్చి గంప రెండో వైపు పట్టుకున్నాడు. గంప నిండేదాకా ఇద్దరూ ఎత్తారు.

"ఆనాడు ఆ చేపను నువ్వన్న తింటే బాగుండు గదరా," అన్నాడు బాపు చివరికి.

కాక గంపను ఒడ్డుకు లాగాడు.

తరువాత కాక కుత్బుల్లాపూర్‌లో కంపెనీ పనికి కుదిరి, సంసారాన్ని అక్కడికే మార్చాడు. పై ఏడు సర్కారు మా చెరువులో మళ్లీ చేపపిల్లలు వదిలే రోజున బాపును పిలవడానికి మనిషి వచ్చాడు.

"నాకు పానం బాగలేదని చెప్పు బిడ్డా," అని బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.