నాలుగో స్పీకరు వంటింట్లో

మా అమ్మకి ఒకే ఒక్క కోరిక ఉండేది. ఏదైనా ఒక్క సినిమా, పేర్లు పడ్డ దగ్గర్నుంచి శుభం కార్డు దాకా, మధ్యలో లేవకుండా చూడాలని. వడ్డాణం అడిగినా మా నాన్న చేయించేవాడేమో కానీ, ఈ ఒక్కటి మాత్రం ఆయన వల్ల కాలేదు.

ఎనభైల నాటి మాట. జగ్గయ్యపేటలో మాది మిరపకాయల వ్యాపారం. కలర్ టీవీ, వీడియో రెండూ మా వీధిలో ముందు మా ఇంటికే వచ్చాయి. ఇక ఆదివారం వస్తే చాలు, అద్దె క్యాసెట్టు రావడం, వీధి వీధంతా మా హాల్లోకి దిగడం. నాన్న సరిగ్గా సినిమా సగంలో మీట నొక్కి "ఇంటర్వెల్!" అని కేక పెట్టేవాడు. సినిమాహాల్లో అయితే ఆ మాట జనం కోసం. మా ఇంట్లో అది అమ్మ కోసం. అందరికీ కాఫీలు రావాలి. దాంతో ఆవిడ మొదటి సగం పాలు కాస్తూ, రెండో సగం గ్లాసులు కడుగుతూ గడిపేది. ఏ సినిమాకైనా ఆవిడకి తెలిసింది ఇంటర్వెల్ ఒక్కటే.

"కథేంటండీ?" అని అడిగితే, "తర్వాత చెప్తాలే" అనేవాడు నాన్న. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

ఇలా ఉండగా నందిగామలో ఓ పత్తి వ్యాపారి తన ఇంట్లో నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు పెట్టించాడు. నాన్న చూసొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి అన్నం సయించలేదు.

"గుర్రం వెనకనుంచి వచ్చి మన నెత్తి మీదుగా పోయిందిరా!" అన్నాడు బాబాయితో.

మా బాబాయి ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా. సైరను కూసే స్తంభం పక్కనే అతని కుర్చీ. ఆ ఒక్క అర్హతతో శబ్దం గురించి ఎవరేం మాట్లాడినా అడ్డం వచ్చేవాడు. "మనం కూడా పెడదాం అన్నయ్యా. నాకొదిలెయ్, సౌండంటే నాకు తెలీందేముంది" అన్నాడు. ఏముంది, ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం ఒకరు, తాడు తెచ్చే రకం ఇంకొకరు.

కొనడానికి నందిగామ బయల్దేరితే అమ్మ కూడా వస్తానంది. "ఆడవాళ్లకి స్పీకర్ల గురించి ఏం తెలుసే?" అన్నాడు నాన్న. నేను డిగ్రీ చదువుతున్నాను కాబట్టి, డబ్బాల మీద ఇంగ్లీషు చదివి చెప్పడానికి నన్ను మాత్రం బండి ఎక్కించుకున్నారు. అప్పటికి నేను ఆడదాన్ని కాదు కాబోలు.

నందిగామలో స్పీకర్ల దుకాణం నడిపే సాయిబు మహా మాటకారి. కొట్టు నిండా చెక్క పెట్టెల స్పీకర్లు. "కూర్చోండి అన్నగారూ, పాట పెడతా, ఏది బాగుంటే అది తీసుకెళ్లండి" అని టేపు పెట్టబోయాడు.

"పాట సంగతి తర్వాత. ముందు ఇది లేపనీ" అంటూ మా నాన్న పంచె ఎగ్గట్టి ఒక్కొక్క పెట్టెనీ రెండు చేతులా ఎత్తి చూడ్డం మొదలుపెట్టాడు. జీవితమంతా మిరపబస్తాలు ఎత్తి దించిన మనిషి. బరువుంటే సరుకున్నట్టు, తేలిగ్గా ఉంటే తాలు కలిసినట్టు. అంతకుమించి ఆయనకి శాస్త్రం లేదు. బాబాయేమో ప్రతి పెట్టె మీదా వేలు ముడిచి టకటకా కొట్టి, చెవి ఆనించి, కొబ్బరికాయ ముదిరిందో లేదో చూసినట్టు తలాడించాడు.

"నాన్నా, ఒక్కసారి పాట విని చూద్దాం" అన్నాను నేను.

"వినడానికేముందే, ఇంటికెళ్లి రోజూ వినేదేగా!" అన్నాడు. అని ఊరుకోలేదు. పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టెల్ని తూయించాడు! బజారంతా చోద్యం చూసింది. నేను సిగ్గుతో చచ్చి, ఎవరో తెలియని దానిలా రోడ్డు మీద పోయే లారీలు చూస్తూ నిలబడ్డాను. చివరికి అన్నిటికంటే బరువైన నాలుగు పెట్టెలు తేలాయి. ఎన్నాళ్లుగానో ఎవరూ కొనక మూలన పడున్న సరుకు. సాయిబు మొహం వెలిగిపోయింది.

"మహారాజులు అన్నగారూ మీరు. సరుకు తెలిసినోళ్లు" అని, పనిలోపనిగా ఒక హెచ్చరిక కూడా చేశాడు. "నాలుగూ కలిపే ఉంచాలండీ. ఒక్కటి పీకినా వీటితో ఇచ్చే ఈ యాంప్లిఫయరు మిషను కాలిపోద్ది. అప్పుడు నా పూచీ లేదు."

ఇంటికొచ్చి దించీ దించగానే వచ్చిపడింది అసలు చిక్కు. శంఖంలో పోస్తేనే తీర్థమనే మనిషి కదా, నాన్న వాస్తు చూడమని సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన హాలంతా చూసి, పెట్టెలు కదిపి చూసి, ఈశాన్యం మూల చూపించి "ఇక్కడ ఇంత బరువు పెడితే ఇల్లు నిలవదు" అనేశాడు. అయిపోయింది! ఏ బరువు చూసి మురిసిపోయి తెచ్చాడో, ఆ బరువే అడ్డమైంది. మూడు మూలలకి మూడు సర్దారు. నాలుగోది ఎక్కడ పెట్టాలి? పీకేస్తే మిషను కాలిపోద్దాయె.

బాబాయి వైరు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. అది సరిగ్గా వంటింటి దాకా వచ్చింది. పచ్చడి జాడీల పక్కన అటక మీదకి ఎక్కించేశారు ఆ పెట్టెని.

ఇక్కడే మా నాన్న గొప్పతనం చూడాలి. దిక్కులేక పెట్టిన దాన్ని కూడా దానం చేసినట్టే పెట్టాడు. "చూశావా, నీకోసమని ప్రత్యేకంగా పెట్టించా" అన్నాడు అమ్మతో.

"మా అన్నయ్య మనసు వెన్న వదినా" అన్నాడు బాబాయి.

అమ్మ అటక వైపు చూసి, పచ్చడి జాడీలు పక్కకి జరుపుకుంది.

ఆ ఆదివారం నుంచి హాల్లో జనం మూడు వైపులా తలలు తిప్పుతూ "అబ్బ! అబ్బ!" అనేవారు. నిజానికి నాలుగింట్లోనూ వచ్చేది ఒకటే మోత. గుర్రమూ తిరగలేదు, గాడిదా తిరగలేదు. చెబితే వినేవారెవరు? వంటింట్లో మాత్రం ఆ మోతకి జాడీల మూతలు గడగడలాడేవి. అమ్మ ఏడుపులు వింటూ పోపు పెట్టేది, కత్తియుద్ధాలు వింటూ పాలు పొంగకుండా చూసుకునేది. ఎప్పుడైనా గుమ్మంలోకొచ్చి, "ఏవండీ, ఇప్పుడు చచ్చిపోయింది ఎవరు?" అని అడిగితే, నాన్న తల తిప్పకుండా ఒకటే జవాబు.

"వినపడుతోందిగా! ఇంకేం కావాలే నీకు?"

నాకు ఒళ్లు మండిపోయేది. "నువ్వు రామ్మా, కాఫీలు నేను పెడతా" అంటే, "నువ్వైనా చూడవే, పరీక్షలు రాసి అలిసిపోయావు" అనేది. ఆవిడ మీదా మండేది.

కొన్ని ఆదివారాలయ్యాక, అప్పటికి మేం రెండు సినిమాలు తెప్పించిన హీరోదే ఓ కొత్త క్యాసెట్టు వచ్చింది. హాలు కిక్కిరిసిపోయింది, కాలు పెట్టడానికి సందు లేదు. ఈశాన్యం మూల ఒక్కటే ఖాళీ. పేర్లు ఇంకా పడలేదు. అమ్మ వంటింట్లోంచి పీట తీసుకొచ్చి, ఆ మూల వేసుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది.

నాన్న అదిరిపడ్డాడు. "అక్కడా! ఆ మూల..."

"పెట్టెలు పెట్టొద్దన్నాడు సిద్ధాంతి. మనుషులు కూర్చోవద్దన్లేదుగా" అంది అమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

పేర్లు పడ్డాయి. హీరో వచ్చి నోరు విప్పాడు. అమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మో! ఆ గొంతు వీడిదా? ఇన్నాళ్లూ నేను విలన్‌దనుకున్నానే!" అంది. హాలంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా అమ్మ ఇన్నాళ్లూ మొహాలు కూడా తనే అల్లుకుందన్నమాట.

సగమయ్యింది. నాన్న మీట మీద వేలుపెట్టి "ఇంటర్వెల్" అన్నాడు. అమ్మ కదల్లేదు.

"ఆపకండి. ఆగితే లేవాల్సొస్తుంది."

"మరి కాఫీలో?"

"వంటింట్లో స్పీకరు పెట్టించారుగా. దాన్నడగండి."

ఎవరూ నవ్వలేదు. నేను లేవబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. బాబాయి పైకప్పు చూశాడు. నాన్న కాసేపు అటూ ఇటూ చూసి, పంచె సర్దుకుని, ఒక్కడే లోపలికి వెళ్లాడు. గిన్నెలు దబదబా కిందపడ్డ శబ్దం వినిపించింది. ఇంతలో సినిమాలో ఎవరో కెవ్వున అరిచారు, తుపాకీ పేలింది.

వంటింట్లోంచి నాన్న గొంతు ఆత్రంగా వచ్చింది. "ఏమే! ఎవరే చచ్చిందీ? హీరో తమ్ముడా?"

"వినపడుతోందిగా" అంది మా అమ్మ. "ఇంకేం కావాలి?"

శుభం కార్డు పడేదాకా ఆవిడ పీట మీద నుంచి లేవలేదు.