స్పీడ్ బ్రేకరంత ఛాతీ

కోదాడలో నా మూడు చక్రాల బండికి ఎత్తు పెంచిన మెకానిక్ గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

నావి పోలియో కాళ్లు. బైకుకు వెనక రెండు చక్రాలు పెట్టించుకుని, మోతె ఊరి బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తుంటాను. దారిలో ఒక స్పీడ్ బ్రేకర్ మీద రోజూ బండి అడుగు గీరుకునేది. అందుకని ఆ బక్క మెకానిక్ పొద్దంతా కూర్చుని, వెనక షాక్ అబ్జార్బర్ల దగ్గర ఎత్తు పెంచే కిట్ బిగించాడు. ఇక టేపు పెట్టి కొలుస్తాడనుకున్నాను. ఆయన వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు.

"ఎక్కండి సారూ."

"నువ్వు కింద ఉంటే ఎట్ల ఎక్కాలె?"

"మీరు చెప్పిన స్పీడ్ బ్రేకర్ నా ఛాతీ అంతనే ఉంటది. మీరు కూసుంటే బండి ఎంత దిగుతదో టేపుకేం తెలుస్తది?"

తిట్టాలనిపించింది. అయినా చంకకర్రలు గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఎక్కాను. బండి కిందికి దిగింది.

"జర ఊగండి," అన్నాడు కింది నుంచి, టీ తెమ్మన్నంత మామూలుగా.

ఊగాను. నేను దిగాక ఆయన బయటికొచ్చి చొక్కా చూసుకున్నాడు. గుండె మీద అడ్డంగా నల్లటి గ్రీజు గీత పడింది.

"తగిలింది. ఇంకో అంగుళం లేపాలె," అంటూ పానా అందుకున్నాడు.

అప్పుడు చూశాను. ఆ కొత్త గీత పక్కనే, ఎన్ని ఉతుకులకూ పోని పాత గీతలు మరో మూడున్నాయి.