తెలుపు పెరిగిందని

స్కానింగ్ సెంటర్లో పనికి చేరినవాళ్ళకి మొదట నేర్పేది నోరు కట్టుకోవడం. ఫిల్ములు ఆ రోజే ఇస్తాం, రిపోర్టు మర్నాడు డాక్టరుగారు రాస్తారు. ఈలోగా పేషెంటు తాలూకువాళ్ళు ఊరుకోరు. బయటికి రాగానే పట్టుకుని "కాస్త చెబుదురూ" అంటారు. నాకా, నోటి తీట ఎక్కువ.

కంకిపాడు నుంచి ఒక రైతు భార్యని బెజవాడ తీసుకొచ్చారు. ఆవిడకి మెదడులో గడ్డ. మొదటి స్కాన్ రోజున ఆయన మొహం చూసి ఆగలేకపోయాను. ఫిల్ములో వరసలుగా ఉన్న బొమ్మల్లో ఒకటి చూపించాను.

"గడ్డలో కణాలు ఒత్తుగా ఉంటాయండీ. మధ్యలో నీళ్ళు కదల్లేవు. అలా ఇరుక్కున్న చోటే ఇట్టా తెల్లగా కనపడుద్ది."

"తొక్కి గట్టిపడ్డ రేగడిలో నీళ్ళు ఇంకనట్టా మేడం?"

"అంతేనండీ."

ఎంత బాగా చెప్పానో అని ఆ పూటంతా మురిసిపోయాను.

రేడియేషన్ అయ్యాక, మాత్రలు నడుస్తుండగా మళ్ళీ వచ్చారు. ఆవిడ తలకి కొంగు కప్పుకుని నన్ను చూసి నవ్వింది. ఆ రోజు ఊపిరాడని రద్దీ. ఫిల్ముల కవరు ఆయన చేతికిచ్చి, రిపోర్టుకి రేపు రమ్మన్నాను. ఆయన కిటికీ వెలుతురుకి ఫిల్ము ఎత్తి చూశారు. నా వైపు తిరిగి ఏదో అడగబోయి ఆగిపోయారు. నేను తర్వాతి పేషెంటుని పిలిచాను.

మర్నాడు రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు. రిపోర్టు అరలోనే ఉండిపోయింది.

నాలుగు నెలలకి ఆయన ఒక్కరే వచ్చారు. గుండు మీద జుట్టు అప్పుడే మొలుస్తోంది. వాళ్ళమ్మ కాగితాలన్నీ కూతురు ఒకచోట దాచుకుంటానందట, ఆ రిపోర్టు కోసం వచ్చారు.

"మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళలేదాండీ?"

"ఇంకెందుకు మేడం? తెలుపు ఎంత పెరిగిందో నేనే చూశా గదా. మీరు చెప్పబట్టి తెలిసింది. లేకపోతే ఆ మాత్రలేసి ఇంకా వాంతులు చేయిస్తా ఉండేవాణ్ణి. ఆపేశా. ఇంటికాడే పోయింది."

ఆయన చూసింది నేను చూపించిన బొమ్మ కాదు, దాని పక్క వరసలో ఉండే ఇంకో రకం బొమ్మ, మ్యాపు అంటాం. అందులో లెక్క తలకిందులు. కణాలు చచ్చి, నీళ్ళు కదలడం మొదలైతేనే అక్కడ తెల్లబడుతుంది. మందు పనిచేస్తోందని దానర్థం. రిపోర్టులో ఉన్నదీ అదే. అలాంటి బొమ్మ ఒకటుందని మొదటి రోజు నేను ఆయనకి చెప్పనేలేదు.

ఆయన రిపోర్టు కవరు విప్పకుండా చంకలో పెట్టుకుని నాకు దణ్ణం పెట్టారు. నేను మళ్ళీ తర్వాతి పేషెంటుని పిలిచాను.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఆ కూతురు బీటెక్ చదువుతోందట, ఎప్పుడో ఒకప్పుడు కవరు విప్పుతుంది. సెంటర్లో ఫోన్ మోగితే ఎత్తమని ఇప్పటికీ పక్కవాళ్ళకే చెబుతాను.